ఫ్లెక్సీ కట్టకముందే: ఊరి పెద్దవాళ్ళ జీవితాలు రాసి పెట్టుకోవడం ఎలా

మా ఊళ్ళో ఎవరైనా పెద్దవాళ్ళు పోతే మూడో రోజుకల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. ఆధార్ కార్డులోని చిన్న ఫొటోని అంత పెద్దది చేస్తే మొహం మసకబారిపోయి ఉంటుంది. పుట్టిన తేదీ వేస్తే అది జనవరి ఒకటే అవుతుంది, తేదీ తెలియని చాలామందికి కార్డు మీద పడింది అదే కాబట్టి. కింద 'అశ్రు నివాళి', ఇంకా కింద మనవళ్ళ ఫొటోలు వరసగా. పెద్దకర్మ అయ్యాక ఆ ఫ్లెక్సీ ఎవరి గడ్డివాము మీదికో కప్పుగా పోతుంది. నలభై ఏళ్ళు ఊరందరికీ పురుళ్ళు పోసిన మనిషి గురించి ఊళ్ళో మిగిలింది అంతే.

అలా ఒక ఫ్లెక్సీ కింద నిలబడి టీ తాగుతూ మేం నలుగురం మొదలుపెట్టిన పని ఇది. మాది కృష్ణా జిల్లాలో కాలువ చివర ఉండే ఊరు, నాలుగు వందల గడప. మూడేళ్ళలో ముప్పై ఒక్క మంది మాటలు రికార్డు చేశాం. చేసినదానికంటే చెడగొట్టింది ఎక్కువేమో కూడా. ఆ తప్పులన్నీ కలిపితేనే ఈ మార్గదర్శి. ఏ ఊరివాళ్ళయినా, అపార్ట్‌మెంటు వాళ్ళయినా, పాత రైల్వే కాలనీ వాళ్ళయినా వాడుకోవచ్చు. ఖర్చు పెద్దగా లేదు. ఓపిక మాత్రం కావాలి.

మొదటి పని: ఎవరెవరిని కలవాలో జాబితా

జాబితా రాయమంటే మీ చెయ్యి మీకు తెలియకుండానే మాజీ సర్పంచి, రిటైరైన హెడ్మాస్టరు, గుడి ధర్మకర్త అని రాసేస్తుంది. మాదీ అలాగే వచ్చింది. పది పేర్లు రాసి చూసుకుంటే తొమ్మిది రెండు వీధులవే.

ఇది ఇప్పటి జబ్బు కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్ళు ఊళ్ళ కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్ర కాగితాలు, సేకరించారు. అవి లేకపోతే మన ఊళ్ళ చరిత్ర సగం మాయమైపోయేది. కానీ వాటిలో ఎక్కువ భాగం కరణాల దగ్గరున్న లెక్కలు, వాళ్ళు చెప్పిన సంగతులు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిచ్చారు అన్నది దొరుకుతుంది. ఆ మాన్యంలో నాట్లు వేసిన మనిషి ఏం తిని బతికిందో దొరకదు.

అందుకని పేర్లతో కాకుండా వీధులతో మొదలుపెట్టండి. కాగితం మీద ఊరి బొమ్మ గీసి, పేటలతో సహా ప్రతి వీధి నుంచీ కనీసం ఇద్దరు ఉండేలా చూడండి. తర్వాత పనులు రాయండి: మంత్రసాని, చాకిరేవు, కొలిమి, మగ్గం, పాలేరుతనం, వంట, బల్లకట్టు, పడవ, సారా కొట్టు, బడి, పోస్టు. ఏ పనికి మనిషి దొరకలేదో అక్కడ ఖాళీ వదిలి, ఎవరు దొరుకుతారో అడుగుతూ ఉండండి. ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో ఆశా కార్యకర్తకి, పోస్టుమాన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ళని మంచి చేసుకోండి.

జాబితాలో జనం మర్చిపోయేది ఇద్దరిని. ఒకరు ఊరి ఆడపడుచులు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఆడపిల్లకి ఊరు తను వదిలిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఇక్కడే ఉన్నవాళ్ళ జ్ఞాపకంలో పాత బడి మీద కొత్త బడి, పాత చెరువు మీద కాలనీ పేరుకుపోతాయి. ఆమెకి మాత్రం చెరువు చెరువుగానే ఉంటుంది. 1968లో పెళ్ళయి వెళ్ళిపోయిన ఒకావిడ ఫోనులో మా చెరువు చుట్టూ ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో వరసగా చెప్పింది. ఇక్కడున్న ముగ్గురు మగవాళ్ళు అదే విషయం మీద గంటసేపు పోట్లాడుకుని తేల్చలేకపోయారు. రెండోవారు కోడళ్ళు. కొత్తగా వచ్చిన మనిషి కాబట్టి ఊళ్ళో వింతగా ఉన్నదేదో వాళ్ళకే కనబడింది. 'ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటే మూడు రోజులు ఏడ్చాను' అని పుట్టి పెరిగినవాళ్ళు ఎవరూ చెప్పరు.

వంశాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళు మీ వైపు ఇంకా వస్తూ ఉంటే, వాళ్ళ పెద్దాయన నంబరు ముందు తీసుకోండి.

వరస వయసుని బట్టి కాదు, ఆరోగ్యాన్ని బట్టి. తొంభై ఏళ్ళ గట్టి మనిషి ఆగగలదు. డెబ్భై ఏళ్ళకే మాట మర్చిపోవడం మొదలైన మనిషి దగ్గరికి ఈ వారమే వెళ్ళాలి. మేం ఈ ఒక్కటి తెలుసుకునేసరికి ఇద్దరిని పోగొట్టుకున్నాం.

ఊరి కాలపట్టిక తయారు చేసుకోండి

పెద్దవాళ్ళని 'ఏ సంవత్సరంలో?' అని అడిగితే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. వాళ్ళకి సంవత్సరాలు నంబర్లు కావు. 'ఉప్పెనకి ముందు కారు మా పెద్దోడు పుట్టాడు' అంటారు (కారు అంటే పంట కాలం). అది కచ్చితమైన తేదీయే, మనకి చదవడం రావాలి.

వెళ్ళేముందు ఒక అట్ట మీద మీ ప్రాంతపు గుర్తులు రాసి పెట్టుకోండి. అందరికీ పనికొచ్చేవి కొన్ని: 1957 ఏప్రిల్లో అణాలు పోయి నయాపైసలు రావడం, 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి, ప్రపంచం మునిగిపోతుందని జనం భయపడ్డది, 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూలడం, 1983లో ఎన్టీఆర్ గెలవడం, రెండు రూపాయల కిలో బియ్యం, 1984 అక్టోబరు చివర ఇందిరాగాంధీ హత్య. స్కైలాబ్ అనగానే మొహంలో నవ్వు రాని పెద్దమనిషిని నేను చూడలేదు. చస్తే ఎలాగూ చస్తామని కోళ్ళన్నీ కోసుకుని తిన్న కథ ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది.

తర్వాత ప్రాంతాన్ని బట్టి. విశాఖ, కాకినాడ వైపు 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్ళు వేసిన బాంబులు. అప్పుడు పట్నం ఖాళీ చేసి పల్లెలకి పారిపోయివచ్చిన పిల్లలు ఇప్పుడు తొంభైల్లో ఉన్నారు. గోదావరి జిల్లాలకి 1953 వరద, 1986 ఆగస్టు వరద. మా కృష్ణాకి 1957లో ప్రకాశం బ్యారేజీ, అన్నిటికీ మించి 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. తెలంగాణలో రజాకార్ల కాలం, 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్, 1969 ఉద్యమం. సీమలో యాభైల నాటి కరువు, గంజి కేంద్రాలు. సాగర్, శ్రీశైలం ముంపు ఊళ్ళ వాళ్ళకయితే ఊరు ఖాళీ చేసిన రోజే అసలు గుర్తు. దానికి ముందు, దానికి తర్వాత అని రెండే యుగాలు.

దొరికిన తేదీలని లెక్కకట్టే చిట్కాలు రెండు. జాతకం కాగితంలో తెలుగు సంవత్సరం పేరుంటే అరవై ఏళ్ళకోసారి తిరిగివస్తుందని గుర్తుపెట్టుకోండి. 2007 సర్వజిత్తు, అంటే 1947 కూడా సర్వజిత్తే. 1977 పింగళ. ఉగాదితో మారుతుంది కాబట్టి అదే సంవత్సరంలో మాఘంలో పుట్టినవాళ్ళు ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాదిలోకి వస్తారు. ఇక పాత నిజాం ఇలాకా కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది.

కొలతలు మాత్రం మార్చొద్దు. 'రోజుకి కుంచెడు వడ్లు కూలి' అంటే అలాగే రాయండి. కుంచం ఒక్కో తావున ఒక్కోలా ఉండేది. మీరు కిలోల్లోకి మార్చి రాస్తే అది అబద్ధం అయ్యే అవకాశమే ఎక్కువ. వాళ్ళ ఇంట్లో పాత మానికో సోలో ఉంటే దాన్ని బియ్యంతో నింపి తూకం వేసి పక్కన రాసుకోండి, అది చాలు.

అనుమతి, వేలిముద్ర సంగతి

మేం చేసిన మొదటి పెద్ద తప్పు ఇక్కడే. ఎక్కడో చదివి, చక్కగా 'అంగీకార పత్రం' ప్రింటు తీసుకెళ్ళాం. కింద సంతకం లేదా వేలిముద్ర అని గీత. మొదటి ఇంట్లోనే పెద్దాయన మొహం నల్లబడింది. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రానికి కొడుకు ఫోను: 'మా నాన్నతో ఎందుకు వేలిముద్ర వేయించుకోవాలనుకున్నారు?' వేలిముద్ర వేసిన పాపానికి ఎకరాలు పోయిన కథలు లేని ఊరు ఏది? మళ్ళీ ఆ గడప ఎక్కడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

కాగితం వద్దు. రికార్డింగు మొదట్లోనే వాళ్ళ గొంతుతో చెప్పించుకోండి. 'ఇది ఎందుకంటే ఊరి పుస్తకం కోసం, ఊళ్ళోవాళ్ళు వింటారు, మీరు వద్దన్నది తీసేస్తాం, మీకు ఇష్టమేనా?' అని అడగండి. వాళ్ళు 'ఆఁ, కానీండి' అన్నది రికార్డులో ఉంటే చాలు. ఇంట్లో కొడుకుకో కోడలికో ముందే చెప్పి ఉంచండి. వాళ్ళు కూడా పక్కన ఉండి విన్నాక మళ్ళీ ఒకసారి అడగండి, ఎందుకంటే మొదట్లో సరేనన్న మనిషికి తను ఏం చెప్పబోతోందో తనకే తెలియదు.

మాట మధ్యలో 'ఇది రాయొద్దు' అంటే ఫోను వాళ్ళకి కనబడేలా ఆపండి. తర్వాత చెప్పేది మీలోనే ఉంచుకోండి. ఊరు చిన్నది, రేపు సాయంత్రానికి తెలిసిపోతుంది.

ఫోను, కుర్చీ, ఫ్యాను

మంచి ఫోనులోని రికార్డరు సరిపోతుంది. కొత్త మైకులు కొనొద్దు, వాటిని చూసి జనం టీవీ ముందు కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సరిగ్గా అసలు మాట దగ్గర లోను ఇస్తామని ఎవరో ఫోన్ చేస్తారు. స్టూలు మీద తువ్వాలు మడిచి వేసి, దాని మీద ఫోను, మనిషికి మూరెడు దూరంలో. గట్టి చెక్క మీద నేరుగా పెడితే గ్లాసు కదిలినా ఉరుము పడినట్టు వినిపిస్తుంది.

ఫ్యాను పెద్ద శత్రువు. మే నెలలో ఫ్యాను ఆపమనడం దుర్మార్గం కాబట్టి ఈ పని కార్తీకం నుంచి మాఘం దాకా పెట్టుకోండి. వేళ పొద్దున టిఫినూ మాత్రలూ అయ్యాక, వంట మొదలవకముందు. కుక్కరు కూత మీద ఒక గంట రికార్డింగు పాడైంది మాకు. వినికిడి తక్కువైతే ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని ఆ వైపు కూర్చోండి, అరవకండి. ఒక పూటకి ముప్పావు గంట చాలు. షుగరు ఉన్న మనిషిని భోజనం వేళ దాటించకండి.

ఇద్దరు వెళ్ళండి, ఒకరే అడగండి. రెండోవాళ్ళు పేర్లు, ఊళ్ళు, అర్థంకాని మాటలు పుస్తకంలో రాసుకోవాలి. మధ్యలో అడ్డుపడకూడదు. ఇంటి మగవాళ్ళు ఆడవాళ్ళ తరఫున జవాబులు చెప్పేస్తుంటే మాత్రం, ఆ రెండోమనిషి వాళ్ళని పొలం చూపించమని బయటికి తీసుకెళ్ళాలి. మా దగ్గర దానికోసమే ఒకడున్నాడు.

అడగడం

'మీ జీవితం గురించి చెప్పండి' అని అడగకండి. ఆ ప్రశ్నకి జవాబు ఒకటే, 'ఏముంది నాయనా, కష్టపడ్డాం, పిల్లల్ని పెంచాం.' దానిమీద తోసి అడిగితే ఎక్కడో విన్న ఉపన్యాసం వస్తుంది: ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్ళు, ఇప్పుడు ఎవరికీ ఎవరూ లేరు.

ఉప్పెన గురించి ఒకావిడ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. ఆమెకి ఎనభై దాటాయి. వరసకి నాకు పెద్దమ్మ. రెండుసార్లూ ఒకటే జవాబు: "ఏముందిరా అబ్బాయ్, వచ్చింది, పోయింది." మూడోసారి అసలు దాని ఊసు ఎత్తలేదు. ఆమె మంచం పక్కన ఇత్తడి గుండిగ ఉంటే, ఊరికే అడిగాను.

"ఇదెప్పటిది పెద్దమ్మా?"

"మా అమ్మ సారెలో పెట్టింది. ఉప్పెనకి పోయి మళ్ళీ వచ్చింది."

"మళ్ళీ రావడమేంటి?"

ఆమె గుండిగని ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలితో అంచు వెంబడి తడిమి ఒకచోట ఆపింది. అక్కడ చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలు. ఆమె పేరు, కింద పుట్టింటి ఊరి పేరు. ఆమెకి చదువు రాదు. కానీ ఏ అక్షరం ఎక్కడుందో వేలికి తెలుసు.

"రెండూళ్ళ అవతల తుమ్మచెట్టుకి చిక్కుకుని ఉందంట. ఎవరో ఆయన, పేరు చూసి, ఆ ఊరికెళ్ళి మా అన్నకి ఇచ్చాడు. నేనున్నానో పోయానో ఆయనకేం తెలుసు? పేరుంది గదా అని తెచ్చాడు. మా అన్న గుండిగ చూసి, ఇక నేను లేననుకుని ఏడుస్తా ఇక్కడికొచ్చాడు. నేనేమో పాక దగ్గర బురద ఎత్తుకుంటా ఉన్నా."

తర్వాత గంటన్నర ఆమె ఆగలేదు. నీళ్ళు ద్వారబంధం మీదికి ఎంత వేగంగా వచ్చాయో, చెట్టు మీద ఎవరెవరు ఉన్నారో, పొద్దున దిగినప్పుడు మొదట వినిపించిన చప్పుడేంటో, అన్నీ. ఒక్కదానికీ నేను ప్రశ్న వేయలేదు.

అందుకని వస్తువు దగ్గర మొదలుపెట్టండి. తిరగలి, మగ్గం నాడె, కొడవలి పిడి, ట్రంకు పెట్టె, పెళ్ళిచీర, చేతికర్ర, పొగాకు వాసన ఉన్న చుట్టల డబ్బా. పాత్రలు తిప్పి చూడండి. మన ఇళ్ళలో పాత్రల మీద చెక్కినన్ని పేర్లు, పెళ్ళి తేదీలు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

వస్తువు లేకపోతే పని. 'మంత్రసానితనం ఎలా ఉండేది?' అని కాదు. 'అర్ధరాత్రి పిలిస్తే ఏమేం పట్టుకుని వెళ్ళేదానివి?' అని అడగండి. 'ఊడ్పుల్లో పాట ఎవరు ఎత్తుకునేవాళ్ళు? మధ్యాహ్నం అన్నం గట్టు మీదికి ఎవరు తెచ్చేవాళ్ళు, దేంట్లో తెచ్చేవాళ్ళు? కూలి ఇచ్చేటప్పుడు కొలిచే చెయ్యి ఎవరిది?' చేత్తో చేసి చూపించమనండి. మాట మర్చిపోయినవాళ్ళు కూడా చెయ్యి మర్చిపోరు. అప్పుడు మాత్రం వీడియో తీయండి. మొహం అక్కర్లేదు, చేతులు చాలు.

అదీ కాకపోతే దారి. ఓపిక ఉన్న మనిషయితే ఊళ్ళో ఆ చివర నుంచి ఈ చివరికి నెమ్మదిగా నడవండి, లేదంటే ఆటోలో తిప్పండి. 'ఈ ఇంటి స్థలంలో అప్పుడేముండేది?' అన్న ఒక్క ప్రశ్న ప్రతి గడప దగ్గరా. ఏ బావిలో ఎవరు నీళ్ళు తోడుకోవచ్చో, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలో అప్పుడే బయటికొస్తుంది. ఆ మాట వచ్చినప్పుడు మొహమాటపడి టాపిక్ మార్చకండి. మా ముప్పై ఒక్క మందిలో ఆ బావి గురించి చెప్పడానికి వెనుకాడినవాళ్ళు ఎవరో తెలుసా? తోడుకున్నవాళ్ళు.

మౌనాన్ని భరించడం నేర్చుకోండి. మాట ఆగగానే మనకి టెన్షన్ వచ్చి ఇంకో ప్రశ్న వేసేస్తాం. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఏడుకే మళ్ళీ మొదలవుతుంది. కన్నీళ్ళొస్తే ఓదార్పు మాటలు కుమ్మరించొద్దు. మంచినీళ్ళిచ్చి, ఆపమంటారా అని అడగండి. చాలామంది 'ఆపొద్దు, ఉండనీ' అంటారు. చనిపోయిన బిడ్డల సంగతి మాత్రం మీరుగా అడగొద్దు. వాళ్ళు చెబితే వినండి.

తప్పు చెబుతున్నారని తెలిసినా సరిదిద్దకండి. ఒక తాత గాంధీగారు మా రేవులో స్నానం చేశారని చెబుతాడు. అది జరగలేదని నాకు గట్టిగానే తెలుసు. అయినా ఊరు అలా నమ్మింది అన్నది కూడా ఒక సంగతే. రాసేటప్పుడు 'అని తాత చెప్పేవాడు' అని పెట్టండి.

ఫొటోలు, కాగితాలు

ఇంటికి పట్టుకెళ్ళి కాపీ తీసి ఇస్తామని పాత ఫొటోలు అడగకండి. ఉన్న ఒక్క ఫొటో మీ దగ్గర పోతే ఇక ఆ ఇంటికి మొహం చూపించలేరు. అక్కడే, కిటికీ పక్కన తెల్ల గుడ్డ మీద పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోను నీడ పడకుండా నేరుగా పైనుంచి తీయండి. ఫ్రేములో ఉన్నది అద్దానికి అంటుకుపోయి ఉంటే ఊడదీయొద్దు, అద్దంతోనే కొంచెం పక్కకి జరిగి తీయండి. వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర ఉంటుంది, ఊరు, ఒక్కోసారి తేదీ.

ఫొటోలో ఎవరెవరో ఎడమ నుంచి కుడికి అప్పుడే చెప్పించుకుని రికార్డు చేయండి. 'పేర్లు తర్వాత రాద్దాంలే' అనుకున్న గ్రూపు ఫొటో మా దగ్గర ఒకటుంది. పదకొండు మందిలో ఇప్పుడు నలుగురే తెలుసు.

ఇంకా ఏమున్నాయో అడగండి: బడి టీసీ, పాత రేషను కార్డు, పెళ్ళి శుభలేఖ, మిలిటరీ కాగితం, దుబాయ్ నుంచి వచ్చిన ఉత్తరం, కిరాణా చిట్టా, పాల లెక్క పుస్తకం. ఆ చివరి రెండూ జనం పొయ్యిలో పెడతారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి అవే. ఏ నెలలో ఇంట్లో నూనె కొనలేదో, ఏ పండక్కి శేరు బెల్లం ఎక్కువ కొన్నారో వాటిలో ఉంటుంది. పట్టాలు, పాసు పుస్తకాలు మాత్రం ముట్టుకోకండి. చూపిస్తామన్నా వద్దనండి.

మాటని కాగితం మీద పెట్టడం

ఇది విసుగొచ్చే పని, దాచి లాభం లేదు. గంట మాటకి నాకు ఐదారు గంటలు పట్టింది. ఫోనులో తెలుగు వాయిస్ టైపింగు కొంత సాయం చేస్తుంది కానీ పళ్ళు లేని నోటి మాట, పల్లె యాస దానికి ఎక్కవు. 'గుండిగ'ని నాది ప్రతిసారీ 'గుండెగా' అని రాసింది. కాబట్టి ముందు మొత్తం విని, ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో ఒక పేజీ పట్టిక రాసుకోండి. అందులో ముఖ్యమైన భాగాలే అక్షరం పొల్లు పోకుండా రాయండి.

యాసని సరిచేయొద్దు. దీని మీద మా నలుగురికీ పెద్ద గొడవే అయింది. మాలో ఒక టీచరుగారు 'ఉంటన్నాం, వస్తన్నాం' అన్నవన్నీ 'ఉంటున్నాము, వస్తున్నాము' చేసేశారు. చదివితే అందరూ ఒకే మనిషిలా ఉన్నారు, అదీ వార్తలు చదివే మనిషిలా. స్త్రీశక్తి సంఘటనవాళ్ళు 1986లో తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ అనుభవాలని 'మనకు తెలియని మన చరిత్ర'గా వేసినప్పుడు వాళ్ళు చెప్పిన మాటలకే చోటిచ్చారు. అది చూపించాక టీచరుగారు మెత్తబడ్డారు. అచ్చులో పునరుక్తి తీసేయండి, 'ఆఁ', 'అదే' తగ్గించండి, సంగతుల వరస మార్చుకోండి. క్రియలు, తిట్లు, సామెతలు వాళ్ళవి వాళ్ళకే ఉంచండి. అర్థంకాని మాటకి పక్కనే చిన్న వివరణ చాలు.

మీ సొంత వాక్యాలు తక్కువగా ఉంచండి. 'మానవత్వం మూర్తీభవించిన మహనీయురాలు' అని రాయాలనిపిస్తే, ఆ చెయ్యిని ఫ్లెక్సీ దుకాణానికి పంపండి.

చదివి వినిపించడం, తీసేయాల్సినవి

అచ్చుకి ముందు ప్రతి ఒక్కరికీ వాళ్ళ పేజీలు చదివి వినిపించాలి. ఇది వదిలేయొద్దు. పెద్దమ్మకి చదివినప్పుడు నేను 'బిందె' అని రాసినచోట ఆపి, "బిందేంటిరా, గుండిగ. బిందెయితే మునిగిపోయేది" అంది. అలా ముప్పై ఒక్క మంది దగ్గరా ఏదో ఒక దిద్దుబాటు వచ్చింది. ముగ్గురు మొత్తం పేజీలు పేజీలే తీసేయమన్నారు. తీసేశాం. అందులో ఒకటి పుస్తకం మొత్తంలోకి మంచి కథ, ఇప్పటికీ బాధగానే ఉంది.

వాళ్ళు అడగకపోయినా మీరే తీయాల్సినవి: ఆధార్, బ్యాంకు, ఫోను నంబర్లు, సర్వే నంబర్లు, కోర్టులో ఉన్న గట్టు తగాదాలు, రెండో సంసారాలు, ఎవరి జబ్బులైనా, బతికున్న మనిషి మీద దొంగతనం మాటలు. పోయినవాళ్ళ మీద నింద ఉంటే వాళ్ళ పిల్లలకి చూపించి అడగండి. మేం ఒకచోట అడగకుండా వేశాం. రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. రెండో అచ్చులో తీసేసినా అవి ఇంకా కలవలేదు.

దాచడం, పంచడం

ఫైలు పేరు తేదీ, వీధి, ఎవరన్నది కలిపి పెట్టండి. 'రికార్డింగ్ 47' అని వదిలేస్తే ఏడాదికి మీకే తెలియదు. మూడు చోట్ల ఉంచండి: ఒకటి హార్డ్ డిస్కు, ఒకటి ఇంటర్నెట్‌లో డ్రైవు, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న నమ్మకస్తుడి దగ్గర. పెన్‌డ్రైవు ఒక్కదాన్నే నమ్మొద్దు. వాట్సాప్‌లో పంపితే ఫొటోల నాణ్యత పడిపోతుంది, అసలు ఫైళ్ళు విడిగా ఉండాలి.

మనిషి పోయినప్పుడు రికార్డింగు ఆ రోజే పంపకండి. మేం ఒకసారి పంపాం, ఇంటినిండా జనం ఉండగా ఆ గొంతు వినిపించేసరికి కూతురు పడిపోయింది. పెద్దకర్మ అయ్యాక, వాళ్ళు కుదుటపడ్డాక, ఉందని చెప్పండి. ఎప్పుడు వినాలో వాళ్ళిష్టం.

పుస్తకానికి పెద్ద హంగు అక్కర్లేదు. ఏ4 కాగితం మధ్యకి మడిచి, జిరాక్స్ తీసి, పిన్ను కొట్టినా పుస్తకమే. మేం రెండు వందల కాపీలు వేశాం. సంక్రాంతికి వేస్తే మంచిది, బయటున్నవాళ్ళు ఊరొస్తారు. పంచాయతీలో ఒకటి, బడిలో రెండు, దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో ఒకటి, మాట్లాడిన ప్రతి ఇంటికీ రెండు. కులం, వీధి పేర్ల వరసలో పెట్టకుండా పనుల వరసలో పెట్టండి: నీళ్ళ పనులు, పొలం పనులు, పురుళ్ళు, బడి, ప్రయాణాలు. ఎవరి పేజీ ముందొచ్చింది అన్న పోట్లాట సగానికి తగ్గుతుంది. సగానికే.

ఒక్కో మనిషి తర్వాత రెండు ఖాళీ పేజీలు వదలండి, ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చింది రాసుకోవడానికి. ఈ సంక్రాంతికి వెళ్ళి చూస్తే ఎక్కువ ఇళ్ళలో అవి ఖాళీగానే ఉన్నాయి. ఒకచోట మనవడు ట్రాక్టరు బొమ్మ వేశాడు. పెద్దమ్మ ఇంట్లో మాత్రం రెండు పేజీలూ నిండిపోయి ఉన్నాయి. సంతోషంగా తీసి చూశాను. కోడలు అందులో పాల లెక్క రాసుకుంటోంది, పొద్దున అర, సాయంత్రం లీటరు, తేదీ వేసి మరీ. ఫొటో తీసుకుని వచ్చాను.